పరదేశమున ఒక్క యేడు

పాఠశాలలో తుది పరీక్ష ముగిసినది. విశ్వవిద్యాలయమున చేరుటకు ఇంకను వ్యవధి యున్నది. ఈ నడిమి కాలమున ఏమి చేయవలెను? మన దేశమున ఈ ప్రశ్నకు చోటు తక్కువ. ఫలితములు వెలువడుటయే తడవుగా తలిదండ్రులు కళాశాలల చుట్టు తిరుగుదురు. ఒక యేడు జారిపోయినచో బిడ్డ బ్రతుకే వెనుకబడునని భయపడుదురు. బ్రిటను, జర్మనీ మొదలగు దేశములలో మాత్రము ఆ నడిమి కాలమునే ఒక విద్యగా మార్చుకొను యువతీయువకులు కలరు. వారు పదునెనిమిదేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, భాషయు ఆచారమును తెలియని దేశమునకు పోయి, అచ్చట ఒక పల్లెబడిలోనో వైద్యశాలలోనో ఏడాదికాలము పనిచేసి తిరిగివత్తురు. దీనిని ఆంగ్లమున ‘గ్యాప్ ఇయర్’ అందురు. విరామ సంవత్సరమని మనము చెప్పుకొనవచ్చును గాని, ఆ యేడు పోయినవారికి విరామమన్నది మిక్కిలి తక్కువ.

బ్రిటనులో ఈ పద్ధతి ఒక రూపము దాల్చినది 1958లో. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదపను ఆ దేశపు యువకులు కొంతకాలము సైన్యమున నిర్బంధముగా పనిచేయవలసియుండెను. ఆ నిర్బంధమును తొలగింతుమని 1957లో ప్రభుత్వము ప్రకటించెను. బడి విడిచిన బాలునకు అంతవరకు లేని తీరిక ఇకమీదట చిక్కును. ఆ తీరికను దూరదేశములలో సేవకు వినియోగింపవచ్చునని సూచించుచు పోర్ట్స్‌మత్ బిషప్పు వ్రాసిన లేఖ 1958 మార్చిలో ‘సండే టైమ్స్’ పత్రికయందు వెలువడినది. అలెక్ డిక్సన్ అను నాతడును, ఆయన భార్య మోరాయును ఆ సంవత్సరముననే ‘వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్’ అను సంస్థను స్థాపించిరి. మొదట పంపబడినవారు పట్టములు పుచ్చుకొనినవారు కారు. అప్పుడే బడి విడిచిన కుర్రవాండ్రు. బోర్నియో ద్వీపమునందలి సారవాక్ వంటి ప్రదేశములకు వారు పోయిరి. గడ్డము సరిగా మొలవని పిల్లవాడు అచ్చటివారికి ఏమి నేర్పగలడని పలువురు అడిగిరి. అది న్యాయమైన ప్రశ్నయే. కాలక్రమమున ఆ సంస్థయు శిక్షణ పొందిన వారివైపే మొగ్గినది. అయినను బడి విడిచిన వెంటనే పరదేశమునకు పోవు అలవాటు మాత్రము నిలిచిపోయినది.

అమెరికాలో ఇట్టి యత్నమే ఇంకను పెద్ద యెత్తున జరిగినది. 1961 మార్చి 1వ తేదీన అధ్యక్షుడు జాన్ కెనెడీ ‘పీస్ కోర్’ అను సంస్థకు అంకురార్పణ చేసెను. పేరునకు అర్థము శాంతిదళము. ఇందు చేరినవారు సాధారణముగా కళాశాల చదువు ముగించినవారు, సేవాకాలము రెండేండ్లు. ఆ యేడే ఆగస్టు 30వ తేదీన 50 మందికి పైబడిన అమెరికను యువతీయువకులు ఘనా దేశపు రాజధాని అక్రాలో విమానము దిగిరి. వారు అచ్చటి ఉన్నత పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేయవలసినవారు. తమ్మెదుర్కొనవచ్చిన విద్యాశాఖామంత్రి మున్నగు పెద్దల యెదుట వారు విమానాశ్రయముననే నిలిచి, ఆ దేశపు ట్వీ భాషలో ఒక పాట పాడిరి. ఆ పాఠశాలలలో బోధన ఆంగ్లముననే జరుగును. కావున ట్వీ రాకున్నను పాఠము చెప్పుట సాగును. కాని అంగడిలో మిరపకాయలు అమ్ము అవ్వకు ఆంగ్లము రాదు. పొరుగింటి ముదుసలికిని రాదు. ఉపాధ్యాయుడు పాఠశాలలో గడపునది దినమున కొన్ని గంటలే. మిగిలిన గంటలన్నియు ఆ అవ్వల నడుమనే గడపవలెను.

ఘనాలో అధిక సంఖ్యాకులైన ఆకాన్ ప్రజల మర్యాదలు కొన్ని మనకు వింతగా తోపవు. ఇంటికి వచ్చినవానిని వారు మొదట కూర్చుండబెట్టుదురు. త్రాగుటకు నీళ్లిత్తురు. ఆ పిమ్మటనే వచ్చిన పని యేమని అడుగుదురు. వచ్చీరాగానే పనిమాట ఎత్తుట అమర్యాద. ఎడమచేతితో వస్తువు నిచ్చుటయు, పుచ్చుకొనుటయు, ఎడమచేతితో మనిషిని చూపుటయు తప్పు. తెలుగు బిడ్డకు దీనిని ఎవరును చెప్పనక్కరలేదు. అమెరికా బిడ్డకు చెప్పవలెను. అచ్చట ఎడమచేతివాటము గలవాడు ఆ చేతితోనే వ్రాయును, ఇచ్చును, పుచ్చుకొనును, తప్పుపట్టువారు లేరు. అట్టివాడు అక్రాలో బండివానికి ఎడమచేత డబ్బిచ్చి, ఆతడు ఏల ముఖము చిట్లించెనో తెలియక తికమకపడును. ఆకానుల మరియొక ఆచారము ముచ్చటైనది. పుట్టిన వారమునుబట్టి బిడ్డకొక పేరుండును. శనివారమున పుట్టిన మగబిడ్డ క్వామే. శుక్రవారమున పుట్టినవాడు కోఫీ. ఘనా మొదటి అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా పేరును, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫీ అన్నన్ పేరును ఇట్టివే. విదేశీయునికిని ఈ లెక్కన పేరు పెట్టుట కష్టము కాదు. ఆతడు తన పుట్టిన వారమును తెలిసికొని చెప్పిన చాలును. ఆ పేరుతో వీధిలో ఎవరైన కేకవేసినప్పుడు ఆతడు మొదటిసారి తాను ఆ యూరివాడనని అనుకొనును.

కాని అందాక వచ్చుటకు ముందు ఒక కష్టకాలము గడవవలెను. ఆ కష్టమునకు పేరు పెట్టి వివరించినవారిలో కాలెర్వో ఓబెర్గ్ ముఖ్యుడు. ఫిన్లండు నుండి వలస వచ్చిన కుటుంబమున కెనడాలో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడాతడు. 1954 ఆగస్టులో బ్రెజిలు దేశమునందలి రియో డి జనీరో నగరమున, ఒక స్త్రీల సంఘమువారి యెదుట ‘కల్చర్ షాక్’ను గూర్చి ప్రసంగించెను. ఆ మాట అంతకుముందే కొందరి నోట వినవచ్చినను, దానికి వ్యాప్తి కలిగించినది ఈ ప్రసంగమే. పరసంస్కృతి వలన కలుగు దిగ్భ్రమ అని మనము దాని కర్థము చెప్పుకొనవచ్చును.

ఓబెర్గ్ చెప్పినదాని సారమిది. మనిషి తన దేశమున దినమునకు వేయి చిన్న గుర్తుల నాధారముగా చేసికొని బ్రతుకును. ఎవరికి ఎప్పుడు నమస్కరింపవలెను, ఎవరి పిలుపును నిజమైన పిలుపుగా నెంచవలెను, అంగడిలో ధర ఎంతవరకు బేరమాడవలెను అనునవి ఏ పుస్తకమునను చదివి నేర్చినవి కావు. తెలుగింట వీడ్కోలు పుచ్చుకొనువాడు ‘వెళ్లుచున్నాను’ అనడు, ‘వెళ్లివత్తును’ అనును. ఈ నియమమును పాఠముగా చెప్పించుకొనినవాడు మనలో ఎవ్వడును లేడు. తప్పినవానిని చూచి ఉలికిపడనివాడును లేడు. పరదేశమున అడుగిడిన నాడు ఇట్టి గుర్తులన్నియు ఒక్కమారుగా మాయమగును. కన్నులున్నను కానరాని స్థితి యది. పెద్ద ఆపద ఏదియు లేదు. అయినను ప్రతి చిన్న పనియు ఆపదవలె తోచును.

అట్టి స్థితిలోనివాని లక్షణములను ఆయన కొంత హాస్యముతోనే వర్ణించెను. ఊరక చేతులు కడుగుకొనుచుండును. త్రాగునీటిని, పక్కబట్టలను పదేపదే అనుమానించును. చిన్న ఆలస్యమునకు పెద్ద కోపము తెచ్చుకొనును. అందరును తనను మోసగించుచున్నారనుకొనును. భాష నేర్వనని మొండికెత్తును. స్వదేశీయులను వెదకికొని పోయి, వారితో కూర్చుండి ఆ దేశమువారిని దూషించును. ఇంటి కాఫీ కొరకు పరితపించును. ఆవకాయ జాడీతో విమానమెక్కు తెలుగువారికి ఈ కడపటి లక్షణమును విడమరచి చెప్పనక్కరలేదు. ఓబెర్గ్ లెక్కలో ఈ అవస్థ రెండవ మెట్టు. మొదటిది, క్రొత్త పెండ్లికొడుకునకు అత్తవారింట అన్నియు బాగుండినట్లు, పరదేశమున అన్నియు అందముగా తోచు మెట్టు. మూడవదానిలో కొంత భాష వచ్చి, తన తప్పులకు తానే నవ్వుకొనగలుగును. నాలుగవదానిలో ఆ దేశపు తిండియు తీరును కేవలము సహించుట కాక ఇష్టపడుట మొదలిడును.

రెండవ మెట్టున నున్నవాని నోటినుండి వెలువడు మాట ఎంతటి చిక్కు తెచ్చునో 1961 అక్టోబరులో నైజీరియాయందు జరిగిన సంగతి చూపును. పీస్ కోర్ పంపిన మొదటి జట్లలో నొకటి ఇబాదాన్ నగరమున విశ్వవిద్యాలయ కళాశాలలో బసచేసి శిక్షణ పొందుచుండెను. అందు ఒక యువతి స్వదేశమునందలి మిత్రునకు ఒక తపాలాకార్డు వ్రాసినది. ఊరు మిక్కిలి ఆకర్షణీయముగా నున్నదని అందు వ్రాసినమాట నిజమే. దానితోపాటు, ఎంత శిక్షణ పొందినను ఇచ్చటి మురికిని, ఆదిమ జీవనస్థితిని చూచుటకు తాము సిద్ధపడి రాలేదనియు, జనులు వీధిలోనే నివసింతురనియు, వీధిలోనే వండుకొందురనియు, వీధిలోనే అమ్ముకొందురనియు వ్రాసినది. ఆ కార్డు తపాలాపెట్టెకు చేరకముందే జారిపడినది. ఒక విద్యార్థికి దొరికినది. ప్రతులు తీయబడి కళాశాల యంతట పంచబడినవి.

విద్యార్థులు సభ చేసి, ఈ వచ్చినవారిని దేశమునుండి పంపివేయవలెనని కోరిరి. భోజనశాలలో అమెరికనుల ప్రక్కన కూర్చుండుటకును ఇష్టపడరైరి. ఆ యువతి క్షమాపణ చెప్పుకొని, తానే వైదొలగి స్వదేశమునకు తిరిగిపోయినది. అధ్యక్షుడు కెనెడీ ఆమెకు స్వయముగా లేఖ వ్రాసి ధైర్యము చెప్పెను. సంస్థ పుట్టి ఏడాదియైన నిండకముందే మూతపడునేమోయని కొందరు శంకించిరి. అట్లు జరుగలేదు. మెల్లమెల్లగా మాటలు కలిసినవి. మిగిలినవారు నైజీరియా పాఠశాలలకు పోయి పాఠములు చెప్పిరి.

ఆమె అబద్ధము వ్రాయలేదు. వీధిలో వంటయు అమ్మకమును ఆమె కన్నులార చూచినవే. మరి కోపమెందులకు? నైజీరియాకు స్వాతంత్ర్యము వచ్చినది 1960 అక్టోబరు 1వ తేదీన. అనగా అప్పటికి ఏడాదియే గడచినది. అంతవరకు ‘ఆదిమజాతి’ అను మాటతోనే ఆ ప్రజలపై పరుల పెత్తనము సమర్థింపబడుచు వచ్చినది. ఆ మాటనే, సేవచేయ వచ్చితిమని చెప్పినవారి చేతివ్రాతలో చూచినప్పుడు చదువుకొనిన యువకులకు ఎట్లుండును? మనకును 1947కు వెనుక ఇట్టి మాటలు వినిన అనుభవము కలదు. ఇంకొకటి. వీధిప్రక్కన వండి అమ్ము స్త్రీని ఆమె ఇల్లులేని పేదరాలిగా చూచినది. యొరూబా దేశమున వ్యాపారము స్త్రీల చేతిలోని విద్య. ఆ వీధిబల్ల ఒక తల్లి జీవనము; పిల్లల బడిజీతములు అచ్చటినుండియే వచ్చును. చూచినది ఒకటే వీధి. ఆమెకు అది లేమిగా కనబడినది; ఆ యూరివారికి అది అంగడి. ఆరునెలలు అచ్చట నుండి, ఆ బల్లయొద్ద నిత్యము వేడివేడి అకారా కొనుక్కొని తినియుండినచో ఆమె ఇంకొక కార్డు వ్రాసియుండెడిదేమో. అకారా యనగా అలసందల పిండితో చేసిన గారెవంటి వంటకము. తెలుగువారికి తినినతోడనే చుట్టరికము కలుపు పదార్థము!

ఆ నాడు ఒక కార్డు జారిపడిననే గాని విషయము బయటపడలేదు. నేడు యువకుని చేతిలో సెల్‌ఫోను ఉన్నది. వచ్చిన మొదటి దినముననే వీధిని, పిల్లలను, గుడిసెను ఫొటో తీసి లోకమంతటికి పంపును. ఆ లోకములో ఆ పిల్లల తండ్రియు ఉండును. ఆతనికిని ఫోనున్నది. అందువలననే యువకులను పంపు సంస్థలు నేడు ఫొటోల సంగతిని శిక్షణలో ప్రత్యేకముగా చెప్పుచున్నవి. ఆ ఫోను వలననే మరియొక చిక్కు. పూర్వము ఉత్తరము వచ్చుటకు వారములు పట్టెడిది. ఆ లోపల ఒంటరితనము భరింపలేక యువకుడు పొరుగింటి తలుపు తట్టెడివాడు. నేడు గది తలుపు మూసికొని రాత్రియంతయు తల్లితో మాటలాడవచ్చును. ఇది ఓదార్పే, కాదనలేము. కాని పొరుగింటి తలుపు తట్టబడదు.

కష్టకాలము ఎన్నాళ్లుండును? 1955లో నార్వే శాస్త్రజ్ఞుడు స్వెర్రె లిస్‌గార్డ్, అమెరికాకు ఫుల్‌బ్రైట్ వేతనముపై పోయివచ్చిన 200 మంది నార్వేజియనులను గూర్చి ఒక పరిశోధన ప్రకటించెను. ఆరునెలలకు లోబడి యున్నవారును, పదునెనిమిది నెలలకు మించి యున్నవారును అచ్చట బాగుగనే ఇమిడితిమనిరి. ఆ నడుమ కాలముండినవారే ఎక్కువ ఇబ్బంది పడిరి. దిగుడుబావిలో ఒకవైపు మెట్లు దిగి వేరొకవైపు మెట్లు ఎక్కినట్లు మనస్సు దిగి లేచునని దీని భావము. ఇది నిజమైనచో ఒక చమత్కారము గమనింపదగినది. విరామ సంవత్సరము పండ్రెండు నెలలు. అనగా బావి అడుగున నుండగనే తిరుగు ప్రయాణపు టిక్కెట్టు చేతికి వచ్చునన్నమాట. అయితే ఈ లెక్క అందరికి సరిపోదు. న్యూజీలండులో చదువవచ్చిన జపాను విద్యార్థులను కోలీన్ వార్డ్ మున్నగువారు ఏడాదిపాటు పరిశీలించి 1998లో ప్రకటించిన దానిలో, అన్నిటికంటె కష్టము మొదటనే యున్నదని తేలినది. వారికి క్రొత్త పెండ్లికొడుకు సుఖము లేనేలేదు. కావున ఇట్టి పట్టికలను జాతకచక్రములవలె నమ్ముకొని, ‘నాకు మూడవ నెల వచ్చినది, ఇక దుఃఖము మొదలగును’ అని కాచుకొని కూర్చుండుట తెలివి కాదు.

జర్మనీ ప్రభుత్వము 2008లో ‘వెల్ట్‌వెర్ట్స్’ అను పథకము నెలకొల్పినది. లోకమువైపునకు అని ఆ మాటకు అర్థము. 18 మొదలు 28 ఏండ్ల వరకు గల యువతీయువకులు ఆరు మొదలు ఇరువదినాలుగు నెలల కాలము ఆఫ్రికా, ఆసియా, దక్షిణ అమెరికా దేశములలో సేవచేయవచ్చును. మన దేశమునకును అట్లు వచ్చువారు కలరు. ఏడాది సేవకు 25 దినముల శిక్షణాతరగతులు తప్పనిసరి. కొన్ని పోకముందు, కొన్ని అచ్చట నుండగా, కొన్ని తిరిగివచ్చిన పిదప. 2013 మొదలు ఈ ద్వారము రెండువైపుల తెరచికొన్నది. భారతదేశము వంటి దేశముల యువకులును జర్మనీకి పోయి అచ్చటి వృద్ధాశ్రమములలో, శిశువిహారములలో ఏడాది పనిచేయవచ్చును.

అట్లు పోయిన భారతీయ యువకునికి తగులు మొదటి దెబ్బ భోజనపు బల్లయొద్దనే. మన యిండ్లలో ‘ఇంకొంచెము వడ్డింతునా?’ అని అడిగినచో మొదట వద్దనుట మర్యాద. వద్దన్నను వడ్డించుట అంతకు మించిన మర్యాద. జర్మనీలో ఒకమారు వద్దన్నచో వద్దనియే అర్థము. గిన్నె ముందునకు సాగిపోవును. ఇంతేకాక, పెట్టవచ్చినప్పుడు ‘డంకె’ అన్నచో కృతజ్ఞతలని మాటకు అర్థమైనను, అక్కరలేదని భావము. కావలసినవాడు ‘బిట్టె’ అనవలెను. పుస్తకము చూచి భాష నేర్చిన యువకుడు చిరునవ్వుతో ‘డంకె, డంకె’ యనుచు అర్ధాకలితో పరుండును. వీరికి ప్రేమ లేదని ఆతడు తలచును. ఈతనికి మా వంట రుచింపలేదని ఇంటివారు తలతురు. ఇరువురిదియు తప్పు కాదు.

సంబోధన ఇంకొక చిక్కు. మనకు నీవు, మీరు ఉన్నట్లే వారికిని ‘డూ’ అనియు ‘జీ’ అనియు రెండు కలవు. తెలుగు తెలిసినవానికి ఇది సులభమనిపించును. కాని విభజన వేరు. మనము వయస్సు చూతుము. వారు చనువు చూతురు. తాతను నీవనుట అచ్చట ప్రేమ. పరిచయము లేని ఇరువదియేండ్ల గుమాస్తాను నీవనుట అమర్యాద. మన యిండ్లలోను తల్లిని నీవనువారే ఎక్కువ, దేవుని మీరనువాడు లేడు గదా అని జ్ఞాపకము చేసికొన్నచో కొంత వెలుగు కనిపించును. ఇక ఆదివారము వచ్చినదా, అంగళ్లు మూతపడును. వీధిలో అలికిడి యుండదు. ఖాళీ సీసాలను చెత్తతొట్టిలో వేయుటయు చప్పుడని ఆ దినమున కూడదు. నిత్యము మనుష్యుల సందడిలో పెరిగినవానికి ఆ నిశ్శబ్దము చలికంటె ఎక్కువ బాధించును. వృద్ధాశ్రమమున ఒక ముసలామె చేయిపట్టుకొని నడిపించుచుండగా ఆతనికి ఆ బాధ కొంత మరపునకు వచ్చును. తన యవ్వను వదలి వచ్చి పరాయి అవ్వకు అన్నము తినిపించుచున్నానని ఆతడు అనుకొనును; ఈమె బిడ్డలు ఈమెను ఇచ్చట ఏల ఉంచిరని మనసులో తప్పుపట్టును. కొన్ని నెలలకు ఆ బిడ్డలు వారము తప్పక వచ్చుటను, ఆ తల్లియే బిడ్డల యింట పడియుండుటకు ఒప్పుకొనకపోవుటను తెలిసికొనును. ఒప్పుకొనవలసిన పని లేదు. తెలిసికొనుట మాత్రము తప్పదు.

ఆతిథ్యమిచ్చువారి సంగతియు చెప్పవలసియున్నది. ఇటువంటి వ్యాసములలో వారు సాధారణముగా కనిపింపరు. ప్రతి యేడును ఒక క్రొత్త పిల్లవానికి బావియెక్కడ, బజారెక్కడ అని మొదటినుండి చూపవలెను. ఆతడు కొంత నేర్చి పనికివచ్చు వేళకు సెలవు పుచ్చుకొనును. మరల ఇంకొకడు. ఆతడు కట్టిన గోడను ఊరి తాపీపనివాడు ఇంతకంటె బాగుగ, కూలికి కట్టియుండెడివాడు. అనాథ శిశువుల విషయమున నష్టము ఇంకను లోతైనది. కొన్ని నెలలు ఎత్తుకొని ఆడించిన అక్కయో అన్నయో మరునాడు కనబడకపోవుట, ఇట్లు మాటిమాటికి జరుగుట ఆ పసివాండ్రకు గాయమగును. ఈ కారణమున ఇటీవలి కాలమున పలు సంస్థలు అనాథాలయములకు కొద్దికాలపు సేవకులను పంపుట మానుకొన్నవి. అది మంచిపని.

తిరిగి ఇల్లు చేరినతోడనే కథ ముగిసినట్లు తోచును గాని, అమెరికా శాస్త్రజ్ఞులగు గల్లహార్న్ దంపతులు 1963లో చెప్పినదేమనగా, స్వదేశమున అడుగిడిన పిమ్మట అదే బావి మెట్లు ఇంకొకమారు దిగి ఎక్కవలెనని. పరదేశము క్రొత్తగా నుండునని అందరును సిద్ధపడియే పోవుదురు. ఇల్లు క్రొత్తగా నుండునని ఎవరు అనుకొందురు? చెప్పవలసిన మాటలు వేయియున్నవి. వినువారు మొదటి పది నిమిషములు మాత్రమే విందురు. ఘనాలో ఉపాధ్యాయుడై పనిచేసివచ్చిన అమెరికను యువకుడు తన యూరి అంగడిలో చిల్లర కొరకు చేయి చాచును. అంగడివాడు ఎడమచేత ఇచ్చును. వెనుకటివాడు గనుక ఊరకుండెను గాని, ఇప్పుడు ఆతని చేయి ఒక క్షణము వెనుకాడును.